అయిదో పిల్ల పేరు

పొద్దున ఎనిమిదింటికి మతీనా మ్యూజియం తలుపులు తీస్తుంది. కిటికీ రెక్కలు తెరిచి, నూలు యంత్రం మీద దుమ్ము తుడిచి, టిక్కెట్ల బల్ల దగ్గర కాఫీ కాచుకుంటుంది. తొమ్మిదిన్నరకి పిరేయస్ నుంచి వచ్చే ఓడ ఈ గ్రీకు దీవిలోని ఎర్మూపోలి రేవులోకొచ్చి కూత పెడుతుంది. ఇంకో అరగంటకి యాత్రికులు టోపీలు పెట్టుకుని, నున్నటి పాలరాతి వీధుల్లో జారిపడకుండా ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఎక్కుతూ వస్తారు. ముందు టౌన్ హాలు మెట్ల మీద ఫోటోలు, తర్వాత ఓడల యజమానుల మేడలు, నీలం గుమ్మటం చర్చి. ఎండ నెత్తికెక్కాక, ఎక్కడో ఒకచోట నీడ కావాలి కాబట్టి, ఈ పాత నూలు మిల్లు.

మిల్లు మూతపడి మ్యూజియమై చాలా ఏళ్ళయింది. రోజూ పదకొండింటికి ఒక యంత్రాన్ని పది నిమిషాలు నడిపి చూపిస్తారు. ఆ పది నిమిషాలకే యాత్రికులు చెవులు మూసుకుంటారు. మతీనా తల్లి అనెజో ఆ చప్పుడులో ఇరవై ఆరేళ్ళు పనిచేసింది.

గోడ మీద పెద్ద ఫోటో ఉంది. కుర్చీలో యజమాని, కాళ్ళ దగ్గర ఆయన కుక్క, వెనక నలభై మంది ఆడవాళ్ళు. కింద యజమాని పేరుంది, ఆయన తండ్రి పేరుంది, కుక్క పేరు కూడా ఉంది. ఆడవాళ్ళందరికీ కలిపి ఒకటే పేరు, కార్మికులు. ఎడమ నుంచి ఏడో 'కార్మికులు' అనెజో.

అనెజోకి వరసగా ఆడపిల్లలే పుట్టారు. మొదటిదానికి నాన్నమ్మ పేరు, రెండోదానికి అమ్మమ్మ పేరు, మూడోదానికి మొక్కుకున్న పునీతురాలి పేరు. నాలుగోది మగపిల్లాడేనని వాళ్ళాయన లినార్దోస్, పిల్లల తాత పేరు యాకోవోస్‌ని, దాచి ఉంచాడు. అదీ ఆడపిల్లే అయ్యేసరికి యాకోవోస్‌ని కాస్తా యాకోవీనా చేసి తగిలించాడు. అయిదోది పుట్టినప్పుడు పేర్లూ అయిపోయాయి, ఓపికా అయిపోయింది. ఇలాంటప్పుడు ఆ దీవుల్లో పెట్టే పేరొకటుంది, స్తమాతియా. ఆగు అని దానర్థం. ఉయ్యాల్లో ఉన్న పిల్లని చూసి 'ఇంక రాకండి' అని వెనకాల రాబోయేవాళ్ళకి చెప్పడమన్నమాట. మొగుడూ పెళ్ళాం కలిసి కన్నదానికి శిక్ష మాత్రం పసిగుడ్డుకి.

అయితే ఈ పిల్ల విషయంలో పేరు తన పని తను చేసింది. ఎవరు 'స్తమాతియా' అని గొంతెత్తి పిలిస్తే వాళ్ళ చేతిలో నడుస్తున్నది ఆగిపోయేది. రొట్టెలాయన పిలిస్తే ఆయన పిండి పొంగడం ఆగింది. పడవాయన పిలిస్తే ఇంజను ఆగింది. కాఫీ గిన్నె చల్లారేంత సేపు ఆగి, మళ్ళీ దానంతటదే నడిచేది. ఊరికి ఇదేమీ వింత కాలేదు. ఆ దీవిలో ఉత్తరపు గాలికీ అలవాటుపడ్డారు, దీనికీ పడ్డారు. అందరూ మతీనా అని పిలవడం మొదలెట్టారు. చర్చిలో పాద్రి కూడా ఆ పేరొచ్చేసరికి మనసులో అనుకుని ముందుకెళ్ళేవాడు.

ఏథెన్స్ నుంచి కొత్తగా వచ్చిన డైరెక్టరు క్లెయాంథిస్‌కి మాత్రం ఇదంతా తెలీదు. అందరూ ఛాతీ మీద పేరు బిళ్ళ పెట్టుకోవాలని మీటింగు పెట్టాడు.

"నాకు మతీనా అని రాయించండి సారూ," అంది మతీనా.

"కాగితాల్లో ఉన్న పేరే ఉండాలి. అయినా ఏం, మంచి పేరేగా? స్తమాతియా!"

ఆయన అప్పుడు చేస్తున్న పని ఉపన్యాసమే కనక అదే ఆగింది. నోరు తెరుచుకుని అలాగే నిలబడ్డాడు. టిక్కెట్లు చింపే జబెతా కుర్చీలో వెనక్కి వాలింది.

"అమ్మయ్య. పాతికేళ్ళ ఉద్యోగంలో ఇంత హాయైన మీటింగు చూళ్ళేదే. సోమవారం సోమవారం పిలిపిద్దామా?"

మతీనా నవ్వింది. నవ్వగలిగింది, ఎందుకంటే పిలిచింది డైరెక్టరు. ఆమెకి పిలుపు కావలసింది వేరే నోటి నుంచి. తల్లి ఆ పేరు పలికి యాభై మూడేళ్ళయింది. ఏయ్ అంటుంది, ఒసేయ్ అంటుంది, ఇటు రావే అంటుంది. ఊరంతా పెట్టిన ముద్దుపేరు కూడా ఆమె నోట రాదు.

మతీనాకప్పుడు అయిదేళ్ళు. అనెజోకి ఏడో నెల. ఈసారి మగపిల్లాడేనని మంత్రసాని పొట్ట చూసి చెప్పింది. అనెజో గుమ్మంలో బట్టలుతుకుతోంది. పిల్ల మెట్ల మీంచి రేవు అంచుకి పరుగు తీసింది. కింద లోతు నీళ్ళు, కట్టిన ఓడ. అనెజోకి ఆ పేరు ఏం చేస్తుందో తెలుసు. తెలిసే పిలిచింది. పిల్ల ఆగింది, రేవుకి రెండు అడుగుల దూరంలో. కడుపులో వాడూ ఆగాడు. కాఫీలెన్ని చల్లారినా వాడు మాత్రం మళ్ళీ కదల్లేదు.

ఆపమన్నది ఆడపిల్లల్నే. పేరుకి ఆ తేడా ఎవరూ చెప్పలేదు. లినార్దోస్ బతికున్నన్నాళ్ళూ ఆ పిల్ల తిన్న ప్రతి ముద్దా లెక్క చూసినట్టు చూశాడు. పేరు పెట్టింది తనేనన్న సంగతి చక్కగా మర్చిపోయాడు.

ఇప్పుడు అనెజోకి ఎనభై ఆరు. అక్కలు నలుగురూ ఏథెన్స్‌లోనూ మెల్‌బోర్న్‌లోనూ ఉండి ఫోన్లో ఏడుస్తారు. ఇంట్లో ఒంటరిగా వదల్లేక మతీనా ఆమెని చక్రాల కుర్చీలో తోసుకుంటూ మ్యూజియానికే తెస్తుంది. మొదటిరోజు టిక్కెట్టు సంగతి క్లెయాంథిస్ ఎత్తబోతే, "ఇరవై ఆరేళ్ళు కట్టింది సారూ, చిల్లర మీరే బాకీ," అని జబెతా నోరు మూయించింది.

అనెజో తను పనిచేసిన యంత్రం పక్కనే కూర్చుంటుంది. ఒళ్ళో ఆక్సిజన్ సిలిండరు, ముక్కుకి గొట్టం.

"ఊపిరితిత్తుల నిండా యజమాని దూదేనే," అంటుంది జబెతాతో. "నేను పోయాక కోసి దిండు కుట్టించుకో."

"మీ దిండు మీద నిద్రేం పడుతుంది పెద్దమ్మా? రాత్రంతా తిడతారు."

ఆ వారం అనెజోకి కన్ను మూతపడలేదు. పడుకుంటే గాలి అందదు, కూర్చుంటే నడుము నిలవదు. ఇలా ఇంకా నెలలు నడవొచ్చన్నాడు డాక్టరు. "ఈ ఊపిరికి సిగ్గు లేదే," అంది అనెజో. "పొమ్మంటే చూరు పట్టుకుని వేళ్ళాడుతోంది."

శుక్రవారం పదకొండు కావస్తోంది. యాత్రికులు యంత్రం చుట్టూ గుమిగూడారు. మతీనా వంగి తల్లి కాళ్ళ మీద దుప్పటి సర్దుతోంది. ఎన్నేళ్ళుగానో గొంతులో ఇరుక్కున్న మాట ఆ వంగడంలో బయటికి దొర్లింది.

"అమ్మా, ఆ రోజు పిలవకుండా ఉండాల్సిందని ఎప్పుడన్నా అనిపించిందా?"

"మీ నాన్నకనిపించింది. గోతిలోకి దిగేదాకా అనిపించింది."

"నేనడిగేది నిన్ను."

అనెజో నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే జబెతా బొత్తాం నొక్కింది. యంత్రం ఒక్కసారిగా ఘోష పెట్టింది. యాత్రికులు చెవులు మూసుకున్నారు.

అనెజో ఆగలేదు. మిల్లు ఆడవాళ్ళకి ఆ చప్పుడులో మాట్లాడుకోవడం తెలుసు, గొంతుతో కాదు, పెదాలతో. కబుర్లూ, వంటలూ, మొగుళ్ళ మీద తిట్లూ అన్నీ అలాగే చెప్పుకునేవాళ్ళు. మతీనాకి చిన్నప్పటినుంచే తల్లి పెదాలు చదవడం వచ్చు. గాలి ఖర్చులేని మాటలు కనక, అనెజో ఏడాదిగా మాట్లాడనంత మాట్లాడింది.

"పిచ్చిదానా. ఆ మెట్ల మీద నువ్వు మళ్ళీ పరిగెత్తితే మళ్ళీ పిలుస్తా. వాడి కోసం ఏడ్చాను. నిన్ను పిలిచినందుకు ఏడవలేదు. తర్వాత పిలవనిది కోపంతో అనుకున్నావా? పిలిచినప్పుడల్లా ఏదో ఒకటి పోతుంది. పోగొట్టుకోడానికి నా దగ్గరేముంది, మీరు తప్ప? అందుకే నోరు కుట్టేసుకున్నా."

"ఇప్పుడు పిలువమ్మా," అన్నాయి మతీనా పెదాలు. తనేం అడుగుతోందో ఆమెకి ఆ క్షణంలో తోచలేదు. అయిదేళ్ళ పిల్లలా అడిగింది.

తల్లి ఆమె మొహంకేసి చాలాసేపు చూసింది. ముక్కు గొట్టం తీసి ఒళ్ళో పెట్టుకుంది. మతీనా గడ్డం పట్టుకుంది. ఈసారి ఉత్త పెదాలు కాదు. మెడ నరాలు తేలాయి, భుజాలు లేచాయి, ఛాతీలో మిగిలిన గాలంతా కూడదీసుకుని గొంతెత్తింది. పళ్ళు కలిసి విడిపోయాయి, పెదాలు కలిసి విడిపోయాయి, నోరు సాగి, చివర్న విశాలంగా తెరుచుకుంది.

యంత్రం హోరులో మతీనా ఆ పేరు వినలేదు. చూసింది.

"ఆఁ, అమ్మా!" అని పలికింది గట్టిగా, సంతోషంగా. యాభై మూడేళ్ళ సంతోషం. గడ్డం మీంచి ఆ చెయ్యి జారి ఒళ్ళో పడేదాకా అది సంతోషమే.

పది నిమిషాలైంది. జబెతా మళ్ళీ బొత్తాం నొక్కింది. యంత్రం ఆగింది. యాత్రికులు చెవుల మీంచి చేతులు తీసి చప్పట్లు కొట్టారు. కొందరు ముసలావిడ కూర్చున్న తీరు బావుందని ఫోటో తీసుకున్నారు.

జబెతా దగ్గరికొచ్చి అనెజో మొహం చూసింది. తన మెడలో శిలువ పట్టుకుంది.

"మతీనా... డాక్టరుకి ఫోన్ చెయ్యనా?"

"వద్దు." మతీనా తల్లి ఛాతీ మీద అరచెయ్యి ఆనించి మోకాళ్ళ మీద కూర్చునుంది. "నన్ను పిలిచింది జబెతా. నిండుగా పిలిచింది."

"సరే తల్లీ."

"కాసేపు చూద్దాం. పిండి మళ్ళీ పొంగింది. ఇంజన్లు నడిచాయి. మన సారు నోరు కూడా నడిచింది. నా పేరుకి ఆగినవన్నీ మళ్ళీ నడిచినవే."

ఒక్కటి తప్ప. ఆ సంగతి ఊరందరిలాగే జబెతాకీ తెలుసు. వెళ్ళి ఒక గిన్నె కాఫీ కాచి తెచ్చి, మతీనా పక్కన నేల మీద పెట్టి, తనూ కూర్చుంది. ఇద్దరూ దాని మీద ఆవిరి చూస్తూ ఉండిపోయారు.