నాలుగుసార్లు చచ్చిన రాజు

నాటకాల్లో అప్పాజీగారిది రాజు వేషం, నాది హార్మోనియం. చివరి పద్యం పాడి రాజు చచ్చిపోతాడు. జనం వన్స్ మోర్ అని అరిస్తే ఆ శవం లేచి, మళ్ళీ పాడి, మళ్ళీ చావాలి. పెద్దాపురం మరిడమ్మ జాతరలో ఆయన ఒక రాత్రి మూడుసార్లు లేచి, నాలుగుసార్లు చచ్చారు. తర్వాత అదే జాతరకి సినిమా పాటల ఆర్కెస్ట్రాని పెట్టారు. ఆయన్ని ఇంకెవరూ పిలవలేదు. నన్నూ పిలవలేదు, అది వేరే సంగతి.

తొంభై తొమ్మిదిలో ఆయన పోయారు. వాకిట్లో పడుకోబెట్టారు. ఆయన భార్య పాపాయిగారు నాతో, "ఆ పద్యం ఒక్కసారి వాయించండి అన్నయ్యగారూ" అన్నారు. వాయించాను. పద్యం అయిపోయింది. వచ్చిన పదిమందీ తలలు వంచుకుని నిలబడ్డారు.

ఆవిడ ఆయన మొహంకేసే చూస్తూ, "ఎవరైనా వన్స్ మోర్ అనండి బాబూ" అన్నారు.