అంటుజబ్బు ఎవరిది?

బడిపిల్లల యూనిఫాంలు కుట్టే ఆ షెడ్డులో ఎనిమిది మిషన్లు ఉండేవి. ఏడు మిషన్లు కిటికీల వెలుతురు పడేచోట రెండు వరుసల్లో ఉండేవి. ఎనిమిదోది వెనక, గుడ్డ తానులు పెట్టే గదిలో, గోడవైపు తిరిగి ఉండేది. కొత్తగా వచ్చినవాళ్ళు చూస్తే, షెడ్డులో చోటు చాలక అలా పెట్టారు కాబోలు అనుకునేవారు.

ఆ మిషను ముందు కూర్చునే ఆవిడను అందరూ కాజాల పిన్ని అనేవారు. యాభై దాటిన మనిషి. చొక్కా చేతికిస్తే కాజా ఎక్కడ పడాలో టేపు పెట్టకుండా కంటితోనే చెప్పేది. చొక్కా చిరిగినా పిన్ని కుట్టిన కాజా చిరగదని యజమానురాలే పదిమందిలో గొప్పగా చెప్పుకునేది.

అయితే పిన్ని మోచేతుల మీద ఎర్రటి మచ్చలు, వాటి మీద వెండిరంగు పొట్టు ఉండేవి. ఏడాదిగా అవి మణికట్లు దాటి వేళ్ళ మీదికి వచ్చాయి. ముందు ఒకామె పిన్నికి తన కత్తెర ఇవ్వడం మానేసింది. తర్వాత ఇంకొకామె మంచినీళ్ళ గ్లాసు వేరు చేసింది. చివరికి ముగ్గురు కూడబలుక్కుని యజమానురాలి దగ్గరికి వచ్చారు.

"అక్కా, గుడ్డ మీద పొట్టు రాలుతోంది. పసిపిల్లలు తొడుక్కునేవి కదా" అన్నారు.

ఎవరినీ నొప్పించకుండా గొడవ తీర్చాలని యజమానురాలు పిన్ని మిషన్ని వెనకగదిలోకి జరిపించింది.

"అక్కడైతే నీకు ప్రశాంతంగా ఉంటుంది పిన్నీ" అంది.

"నాకేం అమ్మాయ్, కాజాలకి కబుర్లక్కర్లేదుగా" అంది పిన్ని. నవ్వుతూనే అంది.

యజమానురాలు చెడ్డమనిషని పాఠకులు అనుకోవద్దు. పనివాళ్ళకి ఒంట్లో బాగాలేకపోతే ఇంటికి వెళ్ళి పలకరించే మనిషి. మనలో చాలామంది మంచితనం అంతే. తెలిసినంత మేర బాగానే ఉంటుంది, తెలియని చోట భయానికి దారి ఇచ్చేస్తుంది.

ఆ మధ్య యజమానురాలికి నడుం దగ్గర, బట్ట బిగుతుగా పట్టేచోట, గుండీ అంత ఎర్రటి చక్రం వచ్చింది. విపరీతమైన దురద. చూపించుకోవడానికి సిగ్గేసి ఆడపడుచుతో చెప్పింది.

"దీనికి డాక్టరెందుకు వదినా? మా ఇంట్లో అందరం ఇదే రాసుకుంటాం" అని ఆవిడ ఒక ట్యూబు చేతిలో పెట్టింది.

రెండు రోజుల్లో దురద పోయింది. మానేసిన వారానికి మళ్ళీ వచ్చింది, ఈసారి అరచెయ్యంత. మళ్ళీ రాసింది, మళ్ళీ తగ్గింది, మళ్ళీ వచ్చింది. నాలుగు ట్యూబులు అయిపోయేసరికి చక్రాలు పొట్ట మీదికి పాకాయి. భర్తకి తొడల మీద మొదలైంది. ఒకరోజు పొద్దున జడ వేస్తుంటే కూతురి మెడ మీద కూడా ఒక చక్రం కనిపించింది.

అది చూశాక ఆమెకి భయం వేసింది. భయంతో పాటు కోపమూ వచ్చింది. కోపానికి ఎవరో ఒకరు కావాలి. తిన్నగా వెనకగదిలోకి వెళ్ళింది.

"పిన్నీ, కొన్నాళ్ళు పనికి రావద్దు. నాకంటింది సరే, ఇప్పుడు మా పిల్లకి కూడా అంటింది."

పిన్ని కుడుతున్న కాజా పూర్తి చేసి దారం తెంపింది. మిషన్ తుడిచి, మూత పెట్టి లేచింది.

"ఇది నాకు పద్నాలుగేళ్ళనుంచీ ఉందమ్మాయ్. మీ బాబాయిదీ నాదీ ఒకే దుప్పటి. ఆయనకి ఇంతవరకూ చిన్న మచ్చ లేదు. మనవరాలికి రోజూ ఈ చేతుల్తోనే స్నానం చేయిస్తాను. దాని ఒళ్ళు అద్దంలా ఉంటుంది. నీకు మాత్రం అంటిందంటే ఏమనను?"

జవాబు కోసం ఆగలేదు. వెళ్ళిపోయింది.

ఆ మాట యజమానురాలికి కాలిలో విరిగిన ముల్లులా సలుపుతూనే ఉంది. మూడోరోజు భర్తనీ కూతురినీ తీసుకుని చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్ళింది. డాక్టరమ్మ ముగ్గురి చక్రాలూ చూసి, పిల్ల మెడ మీది దాని అంచుని చిన్న బ్లేడుతో నొప్పి లేకుండా గీరి, ఆ పొట్టుని గాజుపలక మీద వేసి, చుక్క మందు పోసి, కాసేపాగి మైక్రోస్కోపులో చూసింది.

"తామర. ఫంగస్ వల్ల వస్తుంది. ముగ్గురికీ అదే. ఇంట్లో అందరూ ఒకే తువ్వాలు వాడతారా?"

"అవునండీ."

"ఏం రాశారు ఇన్నాళ్ళూ?"

యజమానురాలు ట్యూబు తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ దాని మీద రాసింది చదివి పక్కన పెట్టింది.

"ఇందులో స్టెరాయిడ్ ఉంది. ఎర్రదనాన్నీ దురదనీ అణిచేస్తుంది గాని ఫంగస్‌ని చంపదు. ఇంట్లోకి పాము వస్తే దాని మీద బుట్ట బోర్లించి, లోపలికి పాలు పోసినట్టు. స్టెరాయిడ్ చెడ్డదని కాదమ్మా, నేనూ రాస్తాను. ఏ జబ్బుకి, ఎంత, ఎన్నాళ్ళు అన్నది చూసి రాస్తాను. ఇది ఆపేయండి. ముగ్గురికీ మందులిస్తాను. దురద తగ్గింది కదా అని మధ్యలో మానొద్దు. తువ్వాళ్ళు ఎవరివి వాళ్ళకి, ఉతికి ఎండలో ఆరేయండి."

"మా దగ్గర పనిచేసే ఆవిడనుంచి వచ్చిందనుకుంటున్నానండీ. మోచేతుల మీద వెండిరేకుల్లా పొట్టు లేస్తుంది."

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "చూడకుండా చెప్పకూడదు గాని, మీరు చెప్పేది వేరే జబ్బులా ఉంది. ఒకసారి తీసుకురండి."

యజమానురాలు ఆ సాయంత్రమే పిన్ని ఇంటికి వెళ్ళింది. పిన్ని లోపలికి రమ్మంది, కుర్చీ వేసింది, మంచినీళ్ళు మాత్రం ఇవ్వలేదు. తాగుతుందో లేదోనని. అది గ్రహించి యజమానురాలే అడిగి తాగింది.

"డాక్టరు దగ్గరికి వెళ్దాం రా పిన్నీ."

"నూనెలు రాశాను, ఆకులు కట్టాను. ఏ పాపం చేశావో అన్నారు. ఇన్నేళ్ళలో డాక్టరు దగ్గరికి రమ్మన్నదానివి నువ్వే" అంది పిన్ని, చెప్పులు వెతుక్కుంటూ.

డాక్టరమ్మ ఉత్తచేతులతో పిన్ని చెయ్యి పట్టుకుంది. పిన్ని వెనక్కి లాక్కోబోయింది.

"ఉండనివ్వండి, నాకేం కాదు" అని డాక్టరమ్మ ఒక్కొక్క వేలూ వత్తి చూసింది. "దీన్ని సోరియాసిస్ అంటారు. నెలరోజుల్లో తయారవాల్సిన చర్మం మీకు కొద్దిరోజుల్లోనే తయారై పేరుకుపోతోంది. ముట్టుకుంటే రాదు, గ్లాసుతో రాదు, బట్టలతో రాదు. వేళ్ళు పొద్దున పూట బిగుసుకుంటాయా?"

"సూది పట్టుకోడానికి అరగంట పైనే పడుతోందమ్మా. వయసుకి అనుకున్నాను."

"కాదు. ఈ జబ్బు కొందరికి కీళ్ళకీ పాకుతుంది. ఇంకా ఆలస్యం చేస్తే వేళ్ళు వంకరపోయేవి. పూర్తిగా మాన్పుతానని మాటివ్వను గాని, పూతమందులున్నాయి, లైటు కింద పెట్టే చికిత్స ఉంది, మాత్రలున్నాయి. అదుపులో పెట్టొచ్చు."

యజమానురాలు పిన్ని చేతుల్ని చూసింది. ఆ వేళ్ళు బిగుసుకుంటున్న సంగతి పక్కన ఎవరైనా కూర్చుని ఉంటే ఏనాడో కనిపెట్టేవాళ్ళు. పక్కన ఎవరూ లేకుండా చేసింది తనే.

బయటికి వచ్చాక అంది: "తప్పు నాదే పిన్నీ. రేపటినుంచి పనికి రా. నీది అంటుజబ్బు కాదని అందరికీ నేనే చెప్తాను."

పిన్ని నడుస్తూనే అంది: "నాది అంటదని చెబితే ఎవరు నమ్ముతారమ్మాయ్? నీదేంటో చెప్పు. అప్పుడు వస్తాను."

ఆ రాత్రంతా యజమానురాలు తన మాట ఏమైపోతుందో, ఆర్డర్లు ఇచ్చే బడులకి తెలిస్తే ఏమనుకుంటారో అని మథనపడింది. అయినా మర్నాడు పొద్దున మిషన్లన్నీ ఆపించి, ఏడుగురి ముందూ నిలబడింది.

"పిన్నిది ఎవరికీ అంటుకునే జబ్బు కాదు. అంటుకునే జబ్బు నాది. తామర. ఇంటిల్లిపాదికీ నేనే అంటించాను. నాది దాచుకుని పిన్నిని వెళ్ళగొట్టాను."

పిన్నికి మొదట కత్తెర ఇవ్వడం మానేసినామె తన చెయ్యి పైకి మడిచి చూపించింది.

"నాకూ ఉందక్కా. నీ సొరుగులో ట్యూబు చూసి అదే కొనుక్కుని రాసుకుంటున్నాను" అంది, నేలచూపులు చూస్తూ. ఇంకొకామె నోరు విప్పకుండా మోకాలి వెనక చక్రం చూపించింది.

ఆ మధ్యాహ్నమే కబురందుకుని పిన్ని పనిలోకి వచ్చింది. మిషన్ని కిటికీ దగ్గరికి మోసిన నలుగురిలో గ్లాసు వేరు చేసినామె కూడా ఉంది. వారాల తరబడి మందులు వాడాక అందరి చక్రాలూ మాయమయ్యాయి. పిన్ని మచ్చలు పలచబడ్డాయి గాని పూర్తిగా పోలేదు. చలికాలం వస్తే కొన్ని తిరిగి వస్తాయి. వేళ్ళు మాత్రం పొద్దున లేస్తూనే సూది పట్టుకుంటున్నాయి.

యజమానురాలి కోరిక మీద డాక్టరమ్మ ఒక సెలవురోజున షెడ్డుకి వచ్చి అందరినీ పరీక్షించింది. వెళ్ళబోతుంటే ఒకామె అడిగింది: "ఇంకోసారి ఎవరికైనా ఒంటి మీద ఏదైనా వస్తే, అంటేదో అంటనిదో మాకెలా తెలుస్తుందండీ?"

"మీకు తెలియాల్సిన పని లేదమ్మా, అది తేల్చడానికి మేమున్నాం. అంటేదైతే మందుంది, అంటనిదైతే భయం లేదు. ఎటు చూసినా మనిషిని వెలివేయడానికి కారణం లేదు."