దీవికి పోయే ఇసుక దారి

పోవెయా ఊళ్లో అతిథి ముఖం మీద ‘వద్దు’ అని ఎవరూ అనరు. ముందు అవునంటారు, తర్వాత కబుర్లలో పెట్టి మెల్లగా దారి మళ్లిస్తారు. న్యూ కాలెడోనియా తూర్పు తీరంలో పుట్టిపెరిగిన సిడోనీకి ఉగ్గుపాలతో అబ్బిన మర్యాద అది. కబుర్లలో పెట్టడానికి మాత్రం ఇద్దరికీ తెలిసిన భాష ఒకటుండాలి.

ఆ ఉదయం ఒంటరిగా బస్సు దిగిన ఆస్ట్రేలియా ఆవిడకు అక్కడివాళ్లు మాట్లాడే ఫ్రెంచి ముక్క రాదు. ఊరు ఊరంతా పడవలెక్కి పెళ్లికి పోయింది. మిగిలింది అంగడి ముందు కొబ్బరికాయలు కొడుతున్న సిడోనీ, పక్కింటి ముసలి ఫిర్మెన్. ఆవిడ, ఆటుకు సముద్రం వెనక్కి తగ్గడంతో తేలిన ఇసుక దారినీ దాని చివరనున్న చిన్న దీవినీ వేలితో చూపించి, వెళ్లొచ్చా అన్నట్టు కళ్లెగరేసింది. సిడోనీ నవ్వుతూ తలూపింది. ఫిర్మెన్ కూడా ఊపాడు. చెప్పులు చేతపట్టుకుని సంబరంగా వెళ్లిపోయింది మహాతల్లి.

మధ్యాహ్నానికి గాలి స్తంభించింది. సముద్రం మీద ఒక్క పక్షి లేదు. తుఫాను దారి మార్చుకుని ఇటే వస్తోందని రేడియో చెప్పింది. తుఫాను పోటుకి ఆ దీవి మీద చెట్లు నడుముదాకా మునుగుతాయి.

“తొందరగా వచ్చెయ్యమని సైగైనా చేశావా పెద్దయ్యా?”

“నువ్వు చేశావనుకున్నా. పొద్దున పళ్లికిలించింది నువ్వే కదే.”

“నీ మెడ మాత్రం ఊగలేదూ?”

“అతిథి కదే. ఎలా వద్దంటాం?”

సిడోనీ ఉన్నపళాన పరుగెత్తింది. దారి మీద నీళ్లు అప్పటికే మోకాళ్లు దాటాయి. ఆవిడ తిరిగి వస్తూ సగం దారిలో కనబడింది. త్వరగా రమ్మని అరుస్తూ సిడోనీ రెండు చేతులూ ఊపింది. ఆవిడ నిలబడిపోయింది. మరుక్షణం వెనుదిరిగి దీవి వైపే పరుగు తీసింది.

అప్పుడు చూసుకుంది సిడోనీ. కొబ్బరికాయలు కొట్టే కత్తి ఇంకా తన చేతిలోనే ఉంది.

దాన్ని నీళ్లలోకి విసిరేసింది. వెనక నుంచి ఫిర్మెన్ వచ్చెయ్యమని కేకలేస్తున్నాడు. ఇప్పుడు తిరిగిపోతే తన ప్రాణమైనా దక్కుతుంది. కానీ ఆవిణ్ణి పంపిందీ తనే, తరిమిందీ తనే. తన తెలివిని తనే తిట్టుకుంటూ ఛాతీలోతు నీళ్లలో పడి ఈదింది.

దీవి మీద చెట్టు వెనక నక్కిన ఆవిడ, ఖాళీ చేతులు చూశాకే బయటికి వచ్చింది. దారి ఎక్కడుండేదో కూడా ఇప్పుడు తెలియడం లేదు, ఈదుకుని పోనిచ్చే అలలూ కావవి. వేలితో ఊరిని చూపించి, వెళ్లొచ్చా అన్నట్టు పొద్దుటిలాగే కళ్లెగరేసింది.

బుద్ధెరిగిన తర్వాత మొదటిసారి, ఒక అతిథి ముందు సిడోనీ తల అడ్డంగా ఊపింది.