బసవపున్నయ్య కలపని మాట

“అమ్మా, నన్ను క్షమించు,” అన్నాడు బసవపున్నయ్య, కందిపప్పు ధర చెప్పినట్టు.

“అమ్మా, నన్ను క్షమించూ!” అని హీరోగారు కెమెరా ముందు కుప్పకూలిపోయారు.

“నీ కడుపున పుట్టి నిన్నే గుర్తుపట్టలేకపోయాను,” అన్నాడు బసవపున్నయ్య, ముక్కు గోక్కుంటూ.

హీరోగారు ఆ మాటను కన్నీళ్ళతో అప్పజెప్పారు. షాట్ ఓకే అయింది. సెట్టంతా చప్పట్లు కొట్టింది, హీరోగారి జ్ఞాపకశక్తికి కాదనుకోండి.

ఫిల్మ్ నగర్ స్టూడియోలో బసవపున్నయ్య పని అదే, ప్రాంప్టింగ్. కెమెరా పక్కన లైటు సెగలో నిలబడి, నటులకు మాటలు అందించాలి. వెలుతురుకు అడ్డం రాకుండా వంగీ వంగీ ఎడమ భుజం కిందికి జారిపోయింది. యాభై ఎనిమిదేళ్ళు, సన్నటి మనిషి. మద్రాసులో మొదలుపెట్టిన పని, పరిశ్రమతోపాటు హైదరాబాదుకు మారింది, ఇప్పుడు పంతొమ్మిదివందల తొంభై ఆరు నడుస్తోంది. ఇన్నేళ్ళలో అతని గొంతు ఒక్క సినిమాలోనూ వినపడలేదు. డబ్బింగు చెప్పేటప్పుడు దాన్ని తీసేస్తారు. అందుకు అతనికి చింత లేదు. కాగితం ఒక్కసారి చదివి, మడిచి జేబులో పెట్టుకుంటే మళ్ళీ తీయడు. “ముప్పై ఏళ్ళలో ఒక్క మాట మింగలేదు, ఒక్క మాట కలపలేదు,” అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాడు. ఆస్తి అంటూ అతనికి ఉన్నది ఆ ఒక్క పేరే.

ఆ పేరు విని ఆ రోజు భోజనాల వేళ యూనివర్సిటీ నుంచి త్రిపురసుందరి అనే అమ్మాయి వచ్చింది. జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేస్తోందట. తాను చదివే పదిహేను మాటలు విని తిరిగి చెప్పమంది. మంచం, పరుపు, దిండు, దుప్పటి, ఆవలింత, కునుకు, గురక, కల... ఇలా ఉన్నాయి. బసవపున్నయ్య పెరుగన్నం కలుపుతూ గడగడా చెప్పేశాడు. ఆ అమ్మాయి నవ్వింది.

“పదహారు చెప్పారండీ. ‘నిద్ర’ నా లిస్టులో లేదు.”

“ఉందమ్మా. గురకకీ కలకీ మధ్య చదివారు. మీ గొంతు ఇంకా నా చెవిలోనే ఉంది.”

కాగితం చూపించింది. బసవపున్నయ్య మూడుసార్లు చదివాడు. వెనక్కి తిప్పి కూడా చూశాడు.

“చాలామంది ఇలాగే చెబుతారండీ. తప్పేం కాదు. ఉండాల్సిన మాట కనపడకపోతే మనసే దాన్ని కలుపుకుంటుంది.”

“చాలామందితో నాకేం పనమ్మా? నేను ప్రాంప్టర్ని,” అన్నాడు. పెరుగన్నం ఆకులోనే ఉండిపోయింది.

మధ్యాహ్నం షాట్‌కు కాగితం జేబులోంచి పైకి వచ్చింది. ఒక్కో మాటా కళ్ళజోడు సర్దుకుని చూసుకుని మరీ చెబుతున్నాడు. అతను వెతుక్కునేసరికి హీరోగారి కన్నీళ్ళు ఆరిపోతున్నాయి, మళ్ళీ గ్లిసరిన్ వేయాల్సి వస్తోంది. పదకొండు టేకులయ్యాయి.

“ఏంటండీ బసవపున్నయ్యగారూ, ఇవాళ మీక్కూడా ప్రాంప్టర్ కావాలా?” అన్నారు హీరోగారు. సెట్టంతా పగలబడి నవ్వింది. బసవపున్నయ్యకు ఏడుపొచ్చింది.

టీ అందించే బాలనర్సయ్య గ్లాసు చేతిలో పెట్టాడు. రహమత్ నగర్‌లో అతనిదీ బసవపున్నయ్యదీ పక్క పక్క ఇళ్ళు.

“ఏమైంది బసవన్నా? గా మేడమ్ ఏమన్నది?”

“ఒక మాట ఎక్కువ చెప్పానుట.”

“ఒక్కటేనా? నేను ఇంట్ల రోజుకు వంద ఎక్కువ చెప్త. ఎవ్వరన్న రాసుకుంటున్నరా? ఫికర్ చెయ్యకు, చాయ్ తాగు.”

ఫికరు పోలేదు. పేకప్ చెప్పగానే మాటల రచయిత సుబ్బరామయ్య దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

“నిజం చెప్పండి. మీ రాతలో నేనెప్పుడైనా కలిపానా?”

సుబ్బరామయ్య కిళ్ళీ నములుతున్నవాడు ఆపేశాడు. “ఆరేళ్ళ కిందటి మన వందరోజుల బొమ్మ గుర్తుందా? తండ్రి కొడుకును వెళ్ళగొట్టే సీను?”

గుర్తులేకేం? బసవపున్నయ్య ఒప్పజెప్పాడు. “పో! మళ్ళీ ఈ గడప తొక్కకు. తొక్కితే కాళ్ళు కడుక్కుని రా, అన్నం పెడతాను.”

“నేను రాసింది ‘తొక్కకు’ వరకే.”

“లేదండీ! వాడు తండ్రి కదా, ఆ మాట అనకుండా ఎలా ఉంటాడు?”

అనేసి, తనన్నది తనకే వినపడి, బసవపున్నయ్య నోరు మూసుకున్నాడు.

“హాల్లో జనం ఏడ్చింది ఆ మాటకే. నాకు శాలువా కప్పిందీ దానికే,” అన్నాడు సుబ్బరామయ్య. “సిగ్గుపడి చెప్పలేదు. అలాంటివి నీవి ఇంకో నాలుగున్నాయి.”

మరొకడైతే ఎగిరి గంతేసేవాడు. బసవపున్నయ్య మాత్రం దొంగతనం బయటపడినట్టు కుంగిపోయాడు. ముప్పై ఏళ్ళుగా చెప్పుకున్నదంతా అబద్ధమైపోయింది.

సుబ్బరామయ్య మర్నాటి సీను కాగితం చేతికిచ్చాడు. పన్నెండేళ్ళ తర్వాత తిరిగొచ్చిన తమ్ముడు లోపలికి రావడానికి మొహం చెల్లక అరుగు మీదే కూర్చుంటాడు. అన్న తలుపు తీసి ఒక్క మాట అంటాడు. ఆ మాట ఉండాల్సినచోట ఖాళీ ఉంది.

“అది నీకే వదిలేశాను. ఈసారి తెలిసే కలుపు.”

“అయ్యబాబోయ్, నావల్ల కాదండీ,” అన్నాడు బసవపున్నయ్య. కాగితం మాత్రం జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, కంపెనీ వ్యాను కోసం గుమ్మం బయట మెట్టు మీద కూర్చున్నాడు. పెన్సిలుతో రాశాడు, చెరిపాడు. ‘తమ్ముడూ’ అని మొదలుపెడితే హరికథలా ఉంది. ‘వచ్చావా’ అంటే కనపడుతూనే ఉన్నాడు కదా. నాలుగుసార్లు రాసి నాలుగుసార్లూ చెరిపాడు. అడగకుండా అన్నేసి మాటలు వచ్చిన బుర్రలోంచి అడిగితే ఒక్కటీ రావడం లేదు.

లోపలినుంచి భార్య శేషారత్నం కేకేసింది. “ఉప్మా చల్లారిపోతోంది!”

బసవపున్నయ్య తలెత్తాడు. తర్వాత వంగి రాసుకున్నాడు.

రెండోసారి పిలవడానికి శేషారత్నం బయటికొచ్చేసరికి గోడకు ఆనుకుని ఉన్నాడు. భుజం పట్టి కుదిపింది. అతను పలకలేదు.

మూడో రోజున సీను తీశారు. కాగితం బాలనర్సయ్య తెచ్చిచ్చాడు. “పానం పోయినప్పుడు గిది బసవన్న చేతుల ఉండె సారూ,” అన్నాడు. సుబ్బరామయ్యే కెమెరా పక్కన నిలబడి మాట అందించాడు. హీరోగారు తలుపు తీసి, అరుగు మీది తమ్ముణ్ణి చూసి ఆ ఒక్క మాటా అన్నారు. గ్లిసరిన్ అవసరం పడలేదు.

“చూశారా, ఎంత మాట కలిపాడో!” అన్నాడు సుబ్బరామయ్య, కళ్ళు తుడుచుకుంటూ.

పాపం, బసవపున్నయ్య ఏమీ కలపలేదు. విన్నది విన్నట్టు, పొల్లుపోకుండా అందించాడు. ఆ సంగతి పట్టుకోగలిగిన ఒక్క మనిషి, శేషారత్నం, సినిమాలు చూడదు.

సుబ్బరామయ్య చేతిలోని ప్యాడ్ మీద కాగితం అలాగే ఉంది. చెరిపీ చెరిపీ చిల్లుపడిన చోటు పక్కనే, పెన్సిలుతో గుండ్రటి అక్షరాల్లో, ‘ఉప్మా చల్లారిపోతోంది’ అని ఉంది.