మేడివాసన జంపఖానాలు

కొత్తవాడలో తెల్లారగానే మగ్గాలు మొదలవుతాయి. కైలాసం ఇంట్లో అందరికంటే ముందు మగ్గం మీద కూర్చునేది అతని చెల్లెలు నిర్మల. ఆమె లేవగానే ఇల్లంతా పచ్చి మేడికాయ వాసన వస్తుంది. ఆ వాసన తగిలాకే వదిన విమలమ్మ లేచి పొయ్యి ముట్టిస్తుంది.

హన్మకొండ పార్కులోని మేడిచెట్టు సంగతి అందరికీ తెలిసిందే. దాని కింద నిలబడి ఎవరన్నా మాటిస్తే, ఆ మాట నెరవేరేదాకా వాళ్ల ఒంటిని పచ్చికాయ వాసన వదలదు. సబ్బుకూ పోదు, సాంబ్రాణికీ పోదు. డెబ్భై ఐదులో, తాను మనసిచ్చిన ఎల్లస్వామి సాంచాలు, అదే మరమగ్గాలు, నడపడానికి భివండి పోతుంటే, నిర్మల ఆ చెట్టు కిందే అతనితో అన్నది, "నువ్వు తిరిగొచ్చేదాక నీ కోసం ఉంట." ఆ మాటకు పదేళ్లయింది.

ఆ వాసన ఆమె నేసిన జంపఖానాలకూ పట్టింది. పరుచుకుంటే చెట్టు నీడలో పడుకున్నట్టే ఉంటుందని హైదరాబాద్ షాపులవాళ్లు ఎగబడి కొనేవాళ్లు. కైలాసం నేత మానేసి, తెల్లచొక్కా వేసుకుని బేరాలకు తిరగడం మొదలుపెట్టాడు. సంబంధాలొస్తే "మా చెల్లె మాటిచ్చింది" అని తిప్పి పంపేవాడు. ఎంత మంచి అన్న అని వాడకట్టంతా మెచ్చుకుంది. మెచ్చుకోవడానికి వాళ్లదేం పోయింది!

ఎనభై ఐదు ఎండాకాలంలో ఎల్లస్వామి రానే వచ్చాడు. ముందు ఇంటి పెద్దతో మాట్లాడటం మర్యాద అనుకుని, కైలాసానికి కబురుపెట్టి పార్కుకు పిలిపించుకున్నాడు. ఆ మర్యాదే అతని కొంప ముంచింది.

"దాని పెండ్లయి ఆరేండ్లాయె," అన్నాడు కైలాసం, కన్నార్పకుండా. "స్టేషన్ ఘన్‌పూర్ల ఇచ్చినం."

ఎల్లస్వామి తలవంచుకుని కాళ్ల కింది మేడిచెట్టు వేళ్లను చూశాడు. "ఆలస్యం నాదే అన్నా. నేనొచ్చిన్నని నిర్మలకు ఒక్కమాట చెప్పు, చాలు."

"చెప్త తియ్. నువ్వు ఫికర్ చెయ్యకు."

పీడ వదిలితే చాలన్న తొందరలో తానెక్కడ నిలబడ్డాడో కైలాసం మరిచిపోయాడు. ఎల్లస్వామి సాయంత్రం బండికే వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున నిర్మల మగ్గం మీద కూర్చుని చేతులు వాసన చూసుకుంది. నూలు వాసన, రంగు వాసన. అంతే. ఎల్లస్వామి వచ్చిండు! గబగబా వాకిట్లోకి పరుగెత్తింది. అక్కడ అన్న ఒక్కడే మొహం కడుక్కుంటున్నాడు. అతని ఒంటి నుంచి పచ్చి మేడికాయ వాసన గుప్పున కొట్టింది.

"ఎవ్వలికి మాటిచ్చినవన్నా?"

కైలాసం తువ్వాలు మొహం మీద నుంచి తియ్యలేదు. "ఏం మాట? ఏం లేదు."

విమలమ్మ వచ్చి గాలి పీల్చి, ఒకసారి ఆడబిడ్డనూ ఒకసారి మొగుణ్నీ చూసింది. "అయితె ఇగ నువ్వే కూసో మగ్గం మీద," అంది మొగుడితో.

నిర్మలకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. వచ్చినవాడు గడప దాకా ఎందుకు రాలేదో ఇప్పుడు అన్న ఒంటి వాసన చూస్తే తెలుస్తోంది. భివండిలో ఎక్కడని వెతుకుతుంది? ఇంత సద్ది కట్టుకుని, ఎనుమాముల మార్కెట్లో మిర్చి తొడిమలు తీసే కూలికి బయల్దేరింది.

"చెల్లే," అన్నాడు కైలాసం మగ్గం మీద నుంచి. "నిన్న పార్కుల..."

నిర్మల గడపలో ఆగింది. "చెప్పకన్నా. చెప్తె నీ వాసన పోతది. జంపఖానాలు ఎవ్వలు కొంటరు?"

కైలాసం నోరు మూసుకుని నూలు అందుకున్నాడు.