ఆరుగురు మెచ్చుకున్న ప్యాచ్

తొందరపెట్టే మనిషిని నేను నమ్మను. మర్యాదగా తొందరపెట్టేవాళ్ళని అసలే నమ్మను. నవత అనే అమ్మాయి రాసిన మెయిలు సరిగ్గా అలాగే ఉంది. "సర్, సోమవారం సింగపూర్ తంజోంగ్ పగార్‌లో నాకు ఇంటర్వ్యూ. నా ఖాతాలో ఉన్న పనే చూపించమన్నారు. ఈలోగా నా ప్యాచ్ చూసిపెడతారా?"

ప్యాచ్ అంటే కోడ్‌లో చేసిన మార్పు. మాది ఊరికే దొరికే రూటర్ సాఫ్ట్‌వేర్. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా మార్పులు పంపవచ్చు. చిన్న చిన్న క్లినిక్కులు, దుకాణాలు దాని మీదే నడుస్తాయి. వచ్చిన మార్పులు చదివి సరేననో కాదనో చెప్పడం నా పని. జీతం లేదు, తిట్లు మాత్రం దండిగా వస్తాయి.

ఆ అమ్మాయి చెయ్యి పెట్టింది డ్రైవర్‌లో. రూటర్ పెట్టె ఆన్ చేయగానే నెట్‌వర్క్ కార్డుని నిద్రలేపే కోడ్ అది. ఇన్నాళ్ళూ బయటివాళ్ళని ఆపే ఫైర్‌వాల్ నియమాలు ముందు ఎక్కేవి, ఆ తర్వాతే కార్డు లేచేది. ఈమె కార్డుని ముందుకు జరిపింది. ఆలస్యమైతే కొన్ని పాత కార్డులు అసలు లేవడం లేదట. పైనున్న నాలుగు లైన్లు చూడగానే నాకు ఒళ్ళు మండింది. వీధి తలుపుకి గడియ పెట్టకుండా పడుకోవడమే కదా ఇది! దొంగ దూరడానికి ఇంతకంటే మంచి చోటు ఉండదు.

మర్నాడు ఆ ప్యాచ్ కింద పొగడ్తలు మొదలయ్యాయి. ఆరు ఖాతాలు, అన్నీ ఆ రోజు తెరిచినవే. "చాలా మంచి పని." "అద్భుతం, వెంటనే ఒప్పుకోండి." ఒకరైతే రెండు చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టారు. మా లోకంలో ఎవరూ ఎవర్నీ పొగడరు. పొగిడారంటే ఏదో ఉంది. కొత్త పేర్లతో ఒత్తిడి తెచ్చి దొంగ కోడ్ దూర్చేసేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. ఆరుగురి వెనకా ఉన్నది ఒక్కరేనని తేల్చడానికి తీరిక దొరికినప్పుడల్లా కూపీ లాగాను. ఇద్దరి ఫొటోల్లో మనుషులే లేరు, బంతిపూలున్నాయి.

"కార్డు తెచ్చి చూపించగలవా?" అని నవతకి రాశాను. టోవా పాయోలోనే ఉంటానని, శనివారం మధ్యాహ్నం అక్కడి తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌కి రమ్మని జవాబు. నాకు ట్రైను దూరంలోనా? అనుమానం ఇంకా ముదిరింది. పసిగట్టి అన్నీ చెరిపేస్తుందేమోనని, అదే ఊళ్ళో బుకిట్ పంజాంగ్‌లోని మా ఇంట్లోంచి బయల్దేరేముందే ఆమెదీ, ఆ ఆరుగురిదీ, మొత్తం ఏడు ఖాతాల మీదా ఈ కోడ్ అంతా ఉండే సైటుకి ఫిర్యాదు పంపేశాను. ట్రైను దిగేలోగా జవాబు వచ్చింది, ఏడూ మూసేశామని. ప్రాణానికి హాయిగా అనిపించింది. దొంగ మొహం ఎలా ఉంటుందో చూద్దామని వెళ్ళాను.

నవతకి ఇరవై రెండేళ్ళుంటాయేమో. టిష్యూ ప్యాకెట్లు పెట్టి మూడు కుర్చీలు చోప్ చేసి, అంటే ఎవరూ కూర్చోకుండా ఆపి ఉంచింది. మూడోది వాళ్ళమ్మ భ్రమరాంబగారికి. ఆవిడ నన్ను కూర్చోనివ్వకుండానే అందుకుంది.

"బాబూ, జయరాంగారు మీరేనా? మావోళ్ళు రాసినవి చూసేరా? సరిపోతాయా, ఇంకో పదిమందికి చెప్పమంటారా?"

"ఏం రాశారండీ?"

"అదేనండి, లైకులు! పిల్ల పని నెట్‌లో పెట్టిందంటే ఫ్యామిలీ గ్రూపులో లింకు పెట్టీసేను. మా తమ్ముడు, మరదలు, రాజాంలో మా పెదనాన్న, అందరూ ఖాతాలు తెరిచి మరీ రాసేరు. డాన్సు పోటీకైనా, పెళ్ళి ఫొటోకైనా మేం అంతేనండి. ఒక్కరు పెడితే అందరం కొట్టీస్తాం."

నవత రెండు చేతుల్తో మొహం కప్పుకుని సింగపూర్ ఇంగ్లీషులో విసుక్కుంది. "అమ్మా! ఐ టోల్డ్ యూ డోంట్ డూ లా! ఇది ఓటింగ్ కాదు." నా వైపు తిరిగి, "సారీ అంకుల్. నిన్ననే తెలిసింది. తీసేయమని అందరికీ చెప్పాను," అంది.

ఆ బంతిపూలు మరదలివో, పెదనాన్నవో!

నవత కార్డు బల్ల మీద పెట్టి, ల్యాప్‌టాప్ తెరిచి పాస్‌వర్డ్ కొట్టింది. మళ్ళీ కొట్టింది. "వైఫై ప్రాబ్లమ్ అనుకుంటా," అంది. భ్రమరాంబగారు కూతురి వీపు నిమిరింది. "కంగారు పడకే. సారున్నారు కదా, ఆయన చూసుకుంటారు."



"ఖాతా మూయించింది నేనే," అన్నాను. "మీరంతా దొంగల ముఠా అనుకున్నాను. మళ్ళీ తెరవమని ఇప్పుడే రాస్తాను. కానీ మూసింది మెషీను, తెరవాల్సింది మనుషులు, ఇవాళా రేపూ వాళ్ళకి సెలవు. సోమవారం పొద్దుటికి అవుతుందని చెప్పలేను."

భ్రమరాంబగారు గబుక్కున ఫోను తీసింది. "ఎందుకవదు? మావోళ్ళందరి చేతా ఆ సైటుకి రాయిస్తాను!"

"వద్దండీ!" "వద్దమ్మా!" నేనూ నవతా ఒకేసారి అరిచాం.

పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కళ్ళు మాత్రం నా మీంచి కదల్లేదు.

"కోడ్‌లో తప్పేముంది అంకుల్?"

"నియమాలు ఎక్కకముందే కార్డుని లేపేశావు కదమ్మా."

"లేపేముందు అన్నీ బ్లాక్ చేశాను. రూల్స్ లోడ్ అయ్యాకే ఓపెన్ అవుతుంది. కింది ఫంక్షన్‌లో ఉంది."

తన మెషీన్‌లో ఉన్న కాపీ తెరిచి నా వైపు తిప్పింది. ఉంది. గడియ పెట్టే ఉంది. అంతా కలిపి ఒక్క స్క్రీను నిండా కూడా లేని ప్యాచ్ అది.

"మీరు చదవలేదా?" అంది నవత.

"చదవలేదమ్మా," అన్నాను.