రత్నవ్వ బండి మీద అప్పు

పసుపు తవ్వే రోజుల్లో రత్నవ్వ ఏ ఫోనూ ఎత్తకుండా ఉండలేదు. తెలియని నంబరంటే ఏర్గట్ల నుంచో సిరికొండ నుంచో ఒక కొత్త రైతు. రేపటికి కూలీలు కావాలంటాడు. ఆ ఒక్క ఫోను వదిలేస్తే ఆ చేను ఇంకో గుంపుకు పోతుంది. ఆమె వెంట నడిచే ఆడవాళ్లందరికీ ఆ రోజు కూలి పోతుంది.

అందుకే ఆ మధ్యాహ్నం, ముప్కాల్ దారిలో ఒక చేలో పసుపు కొమ్ములు విరుస్తూ కూర్చున్నప్పుడు ఫోను మోగగానే, మట్టిచేతిని కొంగుకు తుడుచుకుని ఎత్తింది.

"రత్నవ్వేనా?" కుర్రవాడి గొంతు. పట్నం తెలుగు.

"ఆ, రత్నవ్వనే. ఏ ఊరు పటేలా? ఎంతమంది గావాలె?"

"నీ ఆటో మీద ప్రేమ్‌చంద్ తీసుకున్న లోను ఎప్పుడు కడతావు?"

మళ్లీ అదే. వారం రోజులుగా అదే మాట, ప్రతిసారీ వేరే నంబరు. రాంగ్ నంబరని చెప్పి చూసింది. తిట్టి చూసింది. మనవరాలితో బ్లాక్ చేయించింది. ఒకటి మూస్తే ఇంకొకటి తెరుచుకుంటోంది.

"నాకు ఆటో యాడిది బిడ్డా? నాకు సైకిల్ గూడ లేదు."

"ఫారంలో ఓనర్ అని నీ పేరే ఉంది. మీకు పనిచ్చే రైతులు ఒకరిద్దరికి ఇప్పటికే చెప్పాం. సాయంత్రంలోగా కట్టకపోతే మిగతావాళ్లందరికీ ఫోన్ చేస్తాం. నంబర్లన్నీ మా దగ్గరున్నాయి."

ఫోను పెట్టేయగానే పక్కనున్న మంగవ్వ నవ్వింది. "మల్ల గా లోన్ గావాల్నా అనేటోడేనా? పెండ్లయిందా అని అడగకపోయినవు. మా ఆడిబిడ్డ బిడ్డకు సూస్తున్నం."

అందరూ నవ్వారు. రత్నవ్వ నవ్వలేదు. ప్రేమ్‌చంద్ పేరు ఆమె ఎవరికీ చెప్పలేదు. రోజూ పొద్దున గుంపును చేలకు చేర్చి, సాయంత్రం ఇళ్లకు దింపే ఆటో డ్రైవర్ అతను. అతని మొహం చూస్తే అడగబుద్ధి కాక, ఇన్నాళ్లూ నాన్చుతూ వచ్చింది.

ఇంకా నాన్చే వీలు లేకుండా, చేను గట్టు మీద మోటార్‌సైకిల్ ఆగింది. ముప్కాల్ రైతు అంజన్న. ఆమెకు బయానా ఇచ్చి, తన చేను వంతు కోసం చూస్తున్నవాడు.

ఈ పక్కల అదొక కట్టు. కూలీలకు గిరాకీ ఎక్కువ కనుక, తవ్వకం మొదలవక ముందే రైతు గుంపు పెద్దకు కొంత డబ్బు బయానాగా ఇచ్చి పెట్టుకుంటాడు. కాగితం ఉండదు, సాక్షి ఉండడు. తన వంతు వచ్చిన రోజున ఆ గుంపు తన చేలో ఉంటుందన్న నమ్మకం ఒక్కటే. ఆ డబ్బు ఆడవాళ్ల ఇళ్లలో ఎప్పుడో ఖర్చైపోయింది. ఒక్క రైతు వెనక్కి అడిగితే ఎలాగో ఇవ్వచ్చు. అందరూ అడిగితే గుంపే మిగలదు.

"రత్నవ్వా, ఒక ఫోనొచ్చింది," అన్నాడు అంజన్న నేల చూస్తూ. "నువ్వు ఆటో మీద అప్పు జేసి ఎగ్గొట్టినవట. ఊరిడిశి పోతున్నవట."

"గా మాట నమ్మి వచ్చినవా పటేలా?"

"నమ్మలే. కని రేపు మాపు నా పసుపు భూమిల ఉండిపోతే నేనేం జెయ్యాలె? బయానా తిరిగిస్తే ఇంకో గుంపును జూసుకుంట."

"రేపు జెప్త," అంది రత్నవ్వ. అంజన్న బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. ఆడవాళ్ల చేతుల్లో కొమ్ములు విరగడం ఆగిపోయింది.

సాయంత్రం ఆటో పోచంపాడు కాలువ వంతెన మీదికి రాగానే రత్నవ్వ ఆపమంది. ఆడవాళ్లను కూర్చోమని, ప్రేమ్‌చంద్‌ను పిట్టగోడ దగ్గరికి తీసుకుపోయింది.

"నా పేరెందుకు రాసినవ్ బిడ్డా?"

అతను దబాయించలేదు. ఎదురుచూస్తున్నవాడిలా చెప్పేశాడు. దసరాకు ఇంజన్ పోయింది. ఫోనులోనే అప్పిచ్చే యాప్ ఒకటి చూశాడు. బండి ఎవరిదని అడిగింది.

"అందరు రత్నవ్వ బండి అనే అంటరు గద చిన్నమ్మా. చిన్న పోరగాళ్లు గూడ గట్లనే పిలుస్తరు. గదే రాసిన. మిగతాయన్ని ఓకే నొక్కుకుంట పోయిన. ఫోన్‌ల ఉన్న నంబర్లన్ని, నీది, రైతులయి గూడ, గుంజుకుంటదని నాకేం ఎర్క?"

"ఎంతగనం బాకీ ఉన్నవ్?"

"తీసుకున్నదానికంటె ఎక్కువనే కట్టిన. రోజు పెరుగుతనే ఉన్నది. నా ఫొటో కింద దొంగ అని రాసి అందరికి పంపుతరట." జేబులోంచి ఫోను తీశాడు. "ఎవ్వలకు చెప్పకు చిన్నమ్మా. గీ ఫోన్‌నే కాలువల పారేస్త."

చెయ్యి గోడ అవతలికి చాచాడు. రత్నవ్వ ఫోను వంక చూడలేదు. అతని ఛాతీ గోడ మీద నుంచి ఎంత ముందుకు వంగిందో చూసింది. చొక్కా వెనుక నుంచి పట్టి లాగింది. ఇద్దరూ వచ్చి రోడ్డు మీద పడ్డారు. అతను ఫోను చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

ఏ ఇంటి సంగతీ ఇంకో ఇంట్లో చెప్పదన్న పేరు రత్నవ్వకుంది. అందుకే ఆడవాళ్లు ఆమె వెంట వస్తారు. ఇప్పుడు రైతులకు నిజం చెబితే గుంపు బతుకుతుంది, వీడు తలెత్తుకోలేడు. చెప్పకపోతే వీడి గుట్టు దాగుతుంది, అన్ని ఇళ్లూ మునుగుతాయి.

"ఫోన్ పారేస్తే నంబర్లు మన దగ్గర పోతయ్. వాని దగ్గర ఉంటయ్. అప్పుడు మాట్లాడేది వాడొక్కడే," అంది చివరికి. "వాని చేతుల ఉన్నదేంది? నువ్వు దాపెట్టిందే. నువ్వే చెప్పేస్తే వానికేం మిగుల్తది?"

"నువ్వే చెప్పరాదు. నీ మాటింటరు."

"నేను చెప్తే చాడీ అయితది. అంజన్నకు కొట్టు ముందుగాల."

అతను ఫోను స్పీకర్‌లో పెట్టాడు.

"పటేలా, నేను ప్రేమ్‌చంద్‌ను. రత్నవ్వ బండి..." ఆగాడు. "నా బండే. బండి నాది, అప్పు నాది. రత్నవ్వకు ఏం సంబంధం లేదు. నీకు ఫోన్ జేసినోళ్లు నా అప్పు కోసమే చేసిండ్రు."

"మంచిది బిడ్డా, చెప్పినవ్," అన్నాడు అంజన్న. "కని ఇంకో గుంపుతోని మాట్లాడిన. మాటిచ్చిన. బయానా నాకిచ్చేయుండ్రి. జర ఏమనుకోకుండ్రి."

ఒక చేను పోయింది. ప్రేమ్‌చంద్ ఆమె వంక చూశాడు.

"ఇచ్చేద్దాం. ఇంకోలకు కొట్టు."

ఏర్గట్ల నడిపయ్య మాట పూర్తి కాకముందే అందుకున్నాడు. "గింతేనా? నా ట్రాక్టర్ కిస్తీ ఆలస్యమైతే గిట్లనే నా వియ్యంకునికి ఫోన్ చేసిండ్రు. పెండ్లిల, అందరి ముంగట. రేపు జల్ది రాండ్రి, ఎండ ముదురుతున్నది."

సిరికొండ పోచయ్యకు అప్పటికే ఫోను వచ్చిందట. "రత్నవ్వ పారిపోతున్నదన్నడు. యాడికి పారిపోతది, దాని మోకాళ్లు సూసినవా అన్న. పెట్టేసిండు."

ఆటోలో మంగవ్వ పకపకా నవ్వింది. ఆడవాళ్లంతా ఇంతసేపూ వింటూనే ఉన్నారని ప్రేమ్‌చంద్‌కు అప్పుడు తెలిసింది. తల వంచుకున్నాడు. కానీ ఆపలేదు. ఇంకొకరికి, ఇంకొకరికి చేశాడు. ఒకరు తిట్టారు. ఒకరు విని ఊరుకున్నారు. బయానా అడిగినవాళ్లు మాత్రం మళ్లీ లేరు.

మధ్యలో రత్నవ్వ ఫోను మోగింది. కొత్త నంబరు.

"టైం అయిపోయింది. ఇప్పుడే అందరికీ చేస్తున్నాం," అంది కుర్ర గొంతు.

"చెయ్యి బిడ్డా. మేము గూడ గదే పని మీద ఉన్నం. ఎవ్వలనన్న మర్శిపోతే యాది జెయ్యి."

అవతల నుంచి ఒక బూతు. తర్వాత కట్ అయింది. రేపు మళ్లీ చేస్తాడని ఆమెకు తెలుసు.

"పొద్దుగాల ఠాణాకు పోయి కాయిదం రాసిద్దాం," అంది లేస్తూ. "అంజన్న బయానా నీ కిరాయిల కెల్లి కొంచెం కొంచెం పట్టుకుంట. అయినట్టేనా? ఇంకెవ్వలన్న ఉన్నరా?"

ప్రేమ్‌చంద్ తెరపై పేర్లను కిందికి జరిపి ఒక చోట ఆగాడు. కృప. అతని భార్య.

"దానికి ఎర్కలేదు. ఇంజన్‌కు మా అన్న ఇచ్చిండని చెప్పిన." బొటనవేలు ఆ పేరు మీదే ఉంది. నొక్కలేదు. "ఇది ఫోన్‌ల చెప్పేది కాదు చిన్నమ్మా."

ఫోను జేబులో పెట్టుకుని ఆటో తీశాడు. ఆర్మూర్‌లో ఒక్కొక్క సందు దగ్గరా ఒక్కొక్కరు దిగిపోయారు. రత్నవ్వ ఇంటి మలుపు వచ్చింది. అతను బ్రేకు వేసి వెనక్కి చూశాడు.

"మీ ఇంటికే పోనియ్," అందామె, కదలకుండా.